‘మ్యాచ్డ్ పెయిర్’ స్టిక్కర్‌ను నమ్మొచ్చా? నాలుగు ఈఎల్ 84 వాల్వులు, ఒక కర్వ్ ట్రేసర్

నమస్తే అండీ, హనుమకొండ నుంచి మాట్లాడుతున్నాను. టేబుల్ మీద నాలుగు ఈఎల్ 84 వాల్వులున్నాయి, అంటే పాత రేడియోల్లో, ఆంప్లిఫయర్లలో సిగ్నల్‌ను పెంచే గాజు వాక్యూమ్ ట్యూబులు. ఈ రెండు కొత్తవి. డబ్బా మీద ‘మ్యాచ్డ్ పెయిర్’, అంటే ఒకేలా పనిచేసే జత అని స్టిక్కర్ వేసి ఒక ఆన్‌లైన్ షాపువాళ్లు రివ్యూ కోసం ఉచితంగా పంపారు. డబ్బులు ఇవ్వలేదు, ఇలా చెప్పండి అని అడగనూ లేదు. ఆ రెండు పాతవి, బెంగళూరులో భారత్ ఎలక్ట్రానిక్స్ తయారు చేసిన బీఈఎల్ వాల్వులు. వరంగల్ చౌరస్తా దగ్గర ఏళ్లపాటు రేడియోలు బాగుచేసిన ఒక కాక దగ్గర కొన్నాను.

వాల్వులో వేడెక్కిన కాథోడ్ నుంచి ఎలక్ట్రాన్లు ప్లేట్‌కు వెళ్తాయి. మధ్యలో తీగ చుట్టిన కంట్రోల్ గ్రిడ్ వాటిని అదుపు చేస్తుంది, దాని మైనస్ వోల్టేజీ పెరిగేకొద్దీ కరెంటు తగ్గుతుంది. స్క్రీన్ గ్రిడ్ వాటిని ప్లేట్ వైపు లాగుతుంది. డేటాషీట్, అంటే తయారీదారు ఇచ్చే కొలతల కాగితం, మీరు చూసే ఉంటారు, మొత్తం చదవను. ఒక్క లైను గుర్తుంచుకోండి చాలు. ప్లేట్‌కు 250 వోల్టులు, స్క్రీన్ గ్రిడ్‌కు 250, కంట్రోల్ గ్రిడ్‌కు మైనస్ 7.3 ఇస్తే ప్లేట్ కరెంటు 48 మిల్లీ ఆంపియర్లు రావాలి. షాపువాళ్లు జత కలిపింది ఈ ఒక్క పాయింట్ దగ్గరే. డబ్బా మీద రాసిన అంకె కూడా అదే.

నా దగ్గర ఒక పాత టెస్టర్ ఉంది. ముల్లు పచ్చరంగులోకి వస్తే వాల్వు మంచిది, ఎర్రరంగులో ఆగితే పోయినట్టు. అందులో ఈ నాలుగూ పచ్చే. అందుకే ఇప్పుడు దాన్ని పక్కన పెట్టేసి యూట్రేసర్ అనే కర్వ్ ట్రేసర్ వాడుతున్నాను. వోల్టేజీలు మారిస్తే వాల్వు కరెంటు ఎలా మారుతుందో గీతలుగా గీసి చూపిస్తుంది. నెదర్లాండ్స్‌లో రొనాల్డ్ డెకర్ డిజైన్ చేసిన కిట్ ఇది. 1955లో టెక్‌ట్రానిక్స్ 570 అని ఒక పెద్ద మెషీన్ ఇదే పని కోసం వచ్చింది. ఇది మాత్రం లాప్‌టాప్ అడాప్టర్‌తో నడుస్తుంది. హై వోల్టేజీని కెపాసిటర్లలో నింపుకుని, ఒక్క మిల్లీ సెకను మాత్రమే వాల్వు మీదకు వదులుతుంది. ఆ కాస్త సమయంలోనే కరెంటు కొలిచేస్తుంది.

కాథోడ్‌ను వేడిచేసే హీటర్‌కు మాత్రం నేను విడిగా రెగ్యులేటెడ్ సప్లై, అంటే వోల్టేజీ మారనివ్వని సప్లై పెట్టాను. ఎండాకాలం సాయంత్రం మా వీధిలో ఏసీలన్నీ ఆన్ అయితే వోల్టేజీ పడిపోతుంది. 6.3 ఉండాల్సిన హీటర్ వోల్టేజీ తగ్గితే కాథోడ్ చల్లబడుతుంది. అలా కొలిస్తే మధ్యాహ్నం గీతకూ రాత్రి గీతకూ పోలికే ఉండదు.

ఇప్పుడు లాప్‌టాప్‌లో చూడండి. అడ్డంగా ప్లేట్ వోల్టేజీ, నిలువుగా కరెంటు. ఒక్కో గీత ఒక్కో గ్రిడ్ వోల్టేజీకి. కొత్తవాటిలో మొదటిది నీలం, రెండోది ఎరుపు. మైనస్ 7.3 దగ్గర 47, 48. స్టిక్కర్ అబద్ధం కాదు. కానీ కిందికి రండి. మైనస్ 12 దగ్గర నీలం 18 మిల్లీ ఆంపియర్లు, ఎరుపు 12! పైన మైనస్ 2 దగ్గర కూడా రెండూ దూరంగానే ఉన్నాయి. నీలం గీత కింద తోకలాగా సాగుతోంది, ఆగాల్సిన చోట ఆగడం లేదు. గ్రిడ్ తీగ చుట్లు అంతటా ఒకే దూరంలో లేకపోతే ఇలా అవుతుంది. చుట్ల మధ్య సందు ఎక్కువున్న చోట ఎలక్ట్రాన్లు ఇంకా కారుతూనే ఉంటాయి.

నాకు కోపం తెప్పించేది ఇదే. పుష్‌పుల్ ఆంప్లిఫయర్‌లో సిగ్నల్‌ను రెండు వాల్వులు ఎదురెదురుగా పంచుకుంటాయి, అవి ఒకే కాడికి కట్టిన ఎద్దుల్లా పనిచేయాలి. నిలబడి ఉన్నప్పుడు ఎత్తు సమానంగా ఉంటే సరిపోదు, నడిచేటప్పుడు అడుగు కలవాలి. ఖాళీగా ఉన్నప్పుడు కరెంటు సమానమైతే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌కు మేలే, కాదనను. కానీ పాట గట్టిగా పెట్టామా, గ్రిడ్ వోల్టేజీ ఈ గీతలన్నిటి మీదా పైకీ కిందికీ తిరుగుతుంది. గీతలు కలవకపోతే రెండో హార్మోనిక్, అంటే అసలు స్వరానికి రెట్టింపు ఫ్రీక్వెన్సీలో వచ్చి చేరే వక్రీకరణ, పూర్తిగా రద్దు కాదు. డప్పు దెబ్బ పడినప్పుడు తేడా నాకు చెవికి తెలిసింది.

ట్రేసర్ ఉన్నవాళ్లకు ఒక మాట. మొదట ఎరుపు గీత మధ్యలో మెట్టులాగా ఎగిరింది. వాల్వు చెడ్డదని పారేయకండి. ఈఎల్ 84 గెయిన్, అంటే సిగ్నల్‌ను పెంచే శక్తి ఎక్కువ, పొడవు వైర్లతో కలిస్తే తనంతట తానే ఊగిపోయే ఆసిలేషన్ మొదలవుతుంది. సాకెట్‌లో గ్రిడ్ పిన్ పక్కనే చిన్న ఫెర్రైట్ పూస ఎక్కించాను, మెట్టు మాయమైంది.

ఇక బీఈఎల్ జత. ఇవి ఎవరూ కలిపిన జత కాదు, కాక డబ్బాలోంచి చేతికందినవి. కరెంటు కొంచెం తక్కువే, 43, 44. కానీ గీతలు చూడండి! మైనస్ 2 నుంచి మైనస్ 14 దాకా ఒకదాని మీద ఒకటి పడుకున్నాయి. మోకాలు, అంటే తక్కువ వోల్టేజీ దగ్గర వంగే చోటు కూడా ఒక్కటే. ఎంత ముద్దుగా ఉన్నాయో!

కాక ఈ గీతలు చూసి ఒక మాటన్నాడు. “గీతలు మంచిగనే ఉన్నయ్ బిడ్డా, గంటసేపు సెట్టుల పెట్టి చూడు, అప్పుడు తెలుస్తది.” ఆ మాట నిజం. మిల్లీ సెకను పల్స్‌తో ప్లేట్ వేడెక్కదు. పాత వాల్వులో గ్యాస్ ఉంటే ఆంప్లిఫయర్‌లో వేడెక్కాకే గ్రిడ్ కరెంటు మొదలై, ప్లేట్ కరెంటు పాకుతూ పైకి పోతుంది. అందుకని నాలుగింటినీ ఆంప్లిఫయర్‌లో వేసి కాథోడ్ రెసిస్టర్ మీద మీటర్ పెట్టాను. బీఈఎల్‌వి కదల్లేదు. కొత్తవీ కదల్లేదు, ఆ మార్కులు వాటికి ఇవ్వాల్సిందే.

నా తీర్పు: పుష్‌పుల్ కోసం ఈ కొత్త జత కొనొద్దు. ఉచితంగా ఇచ్చినా నా ఆంప్లిఫయర్‌లో ఉంచను. ఒక్క అవుట్‌పుట్ వాల్వు ఉన్న రేడియోకు ఎర్రగీత వాల్వు చక్కగా పనికొస్తుంది. ఎక్కడ కొన్నా, మ్యాచ్డ్ అంటే కనీసం మూడు గ్రిడ్ వోల్టేజీల దగ్గర అంకెలు అడగండి. వరంగల్, కరీంనగర్ వైపు ఎవరి ఇంట్లోనైనా పాత బీఈఎల్ ఈఎల్ 84లుంటే కామెంట్లో చెప్పండి, తెస్తే కొలిచి గీతలు ప్రింట్ తీసి ఇస్తాను.