చప్పట్లు కొడితే పైన వినబడాలి

నమస్తే అందరికీ. పోయిన వారం కొండాపూర్ నుంచి ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. రోల్ ప్లేయింగ్ గేమ్ గ్రూపు పెట్టుకున్నారట. ఎనిమిది మందితో మొదలైంది, నాలుగు నెలలు తిరిగేసరికి ముగ్గురు మిగిలారు. "అన్నా, కథలో పస లేదేమో, కొత్త కథ రాసుకొని మళ్ళీ మొదలుపెడదామా?" అని అడిగాడు. వెళ్ళిపోయిన ఐదుగురిలో ఒక్కరికైనా ఫోన్ చేశావా అన్నాను. చెయ్యలేదన్నాడు, ఏం చెబుతారోనని భయంగా ఉందట. ఆ భయం నేనూ పడ్డాను కాబట్టే ఈ వీడియో చేస్తున్నాను.

ఈ ఆట తెలియనివాళ్ళకి రెండు ముక్కల్లో చెప్తాను. ఒకరు కథ నడుపుతారు, మిగతావాళ్ళు తలో పాత్ర వేస్తారు, "నేనిప్పుడు ఇది చేస్తాను" అని నోటితో చెప్తారు, అది కుదిరిందా లేదా అన్నది పాచిక వేసి తేలుస్తారు. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు డంజన్స్ అండ్ డ్రాగన్స్ తెచ్చారు, ఇరవై ముఖాల పాచిక అందరికీ తెలిసింది దానితోనే. బోర్డు ఉండొచ్చు, లేకపోవచ్చు. నలుగురు మనుషులు, ఒక బల్ల, నోట్లో మాట ఉంటే చాలు.

మేము నారాయణగూడలో ఒక స్నేహితుడి ఇంటి హాల్లో ఆదివారాలు ఆడతాం. డ్రాగన్లు మాకు అంత ఎక్కలేదు, మన ఊరి కథే తీసుకున్నాం. 1687, ఔరంగజేబు సైన్యం గోల్కొండని చుట్టుముట్టింది. ఎనిమిది నెలల ముట్టడి, చివరికి లోపలివాడే ఒకడు లంచానికి తలుపు తీసిన కథ. ఆట నడిపేది నేనే. మ్యాపులు గీశాను, సర్దార్ల పేర్లు బట్టీపట్టాను, కథ మీద నాకు చాలా నమ్మకం ఉండేది.

అప్పుడు సరూర్‌నగర్ నుంచి ఒక అమ్మాయి చేరింది. ల్యాబ్ టెక్నీషియన్‌గా పని చేస్తుంది, ఈ ఆట ముందెప్పుడూ ఆడలేదు. కోటలోపల గాజులమ్ముకునే బాలమణి అనే పాత్ర రాసుకొచ్చింది, ఒక చిన్న నోట్‌బుక్‌లో, బాలమణి మలారంలో ఏ రంగు గాజులున్నాయో కూడా రాసుకొని. రెండో ఆదివారం, రాత్రి పూట కోట గోడ దగ్గర శత్రువుల అలికిడి. మా పాతవాళ్ళిద్దరు కత్తులు దూద్దామా వద్దా అని వాదించుకుంటున్నారు. ఈ అమ్మాయి మెల్లగా అంది: "నేను కింద గుమ్మటం దగ్గరికి వెళ్ళి చప్పట్లు కొడతాను, పైన బాలాహిస్సార్‌లో కాపలావాళ్ళకి వినబడుతుంది కదా."

ఎంత మంచి ఆలోచన! గోల్కొండకి వెళ్ళిన ప్రతివాళ్ళూ కింద చప్పట్లు కొట్టి, పైన ఉన్నవాళ్ళకి వినబడిందా అని అరిచి అడిగినవాళ్ళే, కానీ మాలో ఒక్కడికీ ఆ సంగతి ఆటలోకి తేవాలని తట్టలేదు. నేను తలూపాను. "ఓకే" అన్నాను. అదే క్షణంలో మావాడొకడు "నేను దూకుతున్నా" అని పాచిక విసిరాడు, ఇరవై పడింది, అందరూ కేకలు, కథ అటు వెళ్ళిపోయింది. బాలమణి చప్పట్లు ఎవరికీ వినబడలేదు. మూడో ఆదివారం ఆమె రాలేదు, నాలుగో ఆదివారం కూడా రాలేదు.

నెల తర్వాత ఫోన్ చేశాను. పని ఒత్తిడి, దూరం, అలా ఏవో చెప్పింది. చివర్లో మాత్రం, "నేను చప్పట్లు కొట్టాను అన్నా, ఎవరూ పలకలేదు" అంది. కోపంగా కూడా అనలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అందరినీ అడిగి మరుసటి ఆదివారం ఆటంతా ఫోన్లో రికార్డు చేసుకొని తర్వాత విన్నాను. ఎక్కువగా వినబడింది నా గొంతే. తర్వాత ఇద్దరు పాతవాళ్ళు. మిగిలిన ముగ్గురూ అక్కడక్కడా "సరే", "నేను కూడా వస్తా".

తమ్ముడూ, మనుషులు కథ నచ్చక వెళ్ళిపోవడం నేను చాలా తక్కువ చూశాను. తాము చేసిన పనికి కథలో ఏదో ఒకటి జరగకపోతే వెళ్ళిపోతారు. తప్పు జరిగినా పర్వాలేదు, కాపలావాడు పొరపాటున వాళ్ళమీదే బాణం వేసినా పర్వాలేదు, ఏదో ఒకటి జరగాలి.

దీనికి మందు నాకు దొరికింది రూల్ బుక్‌లో కాదు, బుర్రకథలో. బుర్రకథ చూసినవాళ్ళకి తెలుసు, కథకుడు మధ్యలో తంబూరాతో ఉంటాడు, అటూ ఇటూ ఇద్దరు వంతలు. ఒకరు హాస్యం, ఒకరు రాజకీయం. వాళ్ళు ఊరికే తందాన తాన అనరు, కథకుడు ఒక మాట అనగానే "ఆహా, తర్వాత?" అంటారు, "అదెట్లా కుదురుతుంది?" అని అడ్డం తగులుతారు, చూసేవాళ్ళ మనసులో మెదిలిన ప్రశ్న వాళ్ళ నోట వస్తుంది. షేక్ నాజర్ లాంటి మహా కథకుడి పక్కన కూడా వంతలుండాల్సిందే. ఇంతటి సంప్రదాయం మన చేతిలో ఉండి, కొత్తగా వచ్చిన మనిషిని ఒంటరిగా బల్ల చివర కూర్చోబెట్టాం మేము!

ఇప్పుడు కొత్తవాళ్ళు ఎవరొచ్చినా పక్కన ఒక పాతమనిషి వంతగా కూర్చుంటారు. ఆ రోజుకి వాళ్ళ పని ఒక్కటే. కొత్తమనిషి ఏదైనా అంటే వెంటనే తమ పాత్ర గొంతుతో ఒక ప్రశ్న అడగాలి. "బాలమణీ, ఎన్నిసార్లు కొడతావ్ చప్పట్లు? ఎవరికి సైగ అది?" అంతే. సలహాలివ్వకూడదు, రూల్స్ చెప్పకూడదు, ఇలా చేస్తే బాగుండేది అనకూడదు. మా దూకుడు మిత్రుడు మొదట్లో చాలా కష్టపడ్డాడు, పాచిక చేతిలో పెట్టుకొని ఊరుకోవడం వాడికి నిజంగా కష్టం, ఇప్పుడు మా గ్రూపులో వాడే అందరికంటే మంచి వంత.

ఇంకోటి భాష. రూల్ బుక్ ఇంగ్లీషులో ఉంది కాబట్టి ఆట కూడా ఇంగ్లీషులోనే ఆడాలన్నట్టు ఆడాం చాలా రోజులు. తెలుగులో ఆలోచించే మనిషికి మనసులో వాక్యం కట్టుకునేలోపు వంతు దాటిపోతుంది. ఒకరోజు గేటు దగ్గర సిపాయి "నక్కో భాయ్, అందర్ నక్కో" అన్నాడు, బాటసారి "గట్లంటే ఎట్ల సాబ్" అన్నాడు, అంతే, హాల్లో గాలే మారిపోయింది. రూల్స్‌ని ఒక్క పేజీ తెలుగులో రాసి పెట్టుకున్నాం, అంతకంటే ఎక్కువ మొదటిరోజు ఎవరికీ అక్కర్లేదు.

మొదటి ఆటకి ముందు ఒక పూట కూర్చొని మాట్లాడుకోవడం తప్పనిసరి చేశాం. సెషన్ జీరో అంటారు దాన్ని. కథలో ఏది ఉండాలి, ఏది అస్సలు వద్దు అన్నది అక్కడే తేల్చుకుంటాం. జాన్ స్టావ్రోపౌలోస్ అనే ఆయన ఎక్స్ కార్డ్ అని ఒక పద్ధతి పెట్టారు. బల్ల మీద ఎక్స్ గుర్తున్న కార్డు ఉంటుంది, ఎవరికి ఇబ్బందైనా దాన్ని ముట్టుకుంటే ఆ విషయం అక్కడితో వదిలేస్తారు, ఎందుకని అడగరు. మాకు కార్డు గుర్తుండట్లేదు, "కట్" అంటే చాలనుకున్నాం. మాలో ఒకబ్బాయి వాళ్ళ నాన్న హాస్పిటల్లో ఉన్న రోజుల్లో నేను తెలియక తండ్రి చావు సీన్ తెచ్చాను. వాడు కట్ అన్నాడు. నేను పేజీ తిప్పాను. ఎవరూ వాడి మొహం వైపు చూడలేదు, టీ వచ్చింది, ఆట నడిచింది. ఆ ఒక్క మాట లేకపోతే వాడు ఆ రోజు ఏమీ అనకుండా లేచి వెళ్ళేవాడు, మళ్ళీ వచ్చేవాడు కాదు.

టైము గురించి కూడా ఆలోచించండి. మేము పదిన్నర దాకా ఆడేవాళ్ళం, దూరం వాళ్ళు మెట్రో అందుకోవాలని మంచి ఘట్టం మధ్యలో లేచిపోయేవాళ్ళు. ముఖ్యంగా ఆడపిల్లలు. ఇప్పుడు ఎనిమిదిన్నరకి ఆట ఆపేస్తాం, కథ ఎక్కడున్నా సరే. గచ్చిబౌలిలో నైట్ షిఫ్ట్ పడి నెల రాలేకపోయిన వాళ్ళ పాత్రని చంపం, వెనకబడిపోయేలా కూడా చెయ్యం. గోల్కొండ రేవు మచిలీపట్నమే కదా, సరుకు తేవడానికి అటు పంపిస్తాం, మనిషి తిరిగొచ్చిన రోజు పాత్ర కూడా బండి దిగుతుంది.

రిచర్డ్ బార్టల్ అని, 1978లో ఎసెక్స్ యూనివర్సిటీలో రాయ్ ట్రబ్‌షా మొదలుపెట్టిన మడ్ అనే కంప్యూటర్ ఆటలో పాలుపంచుకున్న ఆయన, ఆడేవాళ్ళని నాలుగు రకాలుగా చెప్పారు. గెలుపు కోసం వచ్చేవాళ్ళు, లోకం చూడ్డానికి వచ్చేవాళ్ళు, మనుషుల కోసం వచ్చేవాళ్ళు, ఎదుటివాళ్ళ మీద పడేవాళ్ళు. పనికొచ్చే మాటే, కానీ ఒకే మనిషి సాయంత్రం ఐదింటికి ఒక రకం, ఏడింటికి ఇంకో రకం. రకం కట్టేకంటే అడగడం మేలు. ఆట అయ్యాక మేము ఒక్కొక్కరినీ అడుగుతాం, ఇవాళ నీ పాత్ర చెయ్యాలనుకొని చెయ్యలేకపోయింది ఏంటి అని. వచ్చే వారం ఆట నేను అక్కడే మొదలుపెడతాను.

ఆ అమ్మాయికి మళ్ళీ ఫోన్ చేసి, తప్పు నాదే, ఒక్క ఆదివారం రా అని అడిగాను. రెండు వారాల తర్వాత వచ్చింది, అదే నోట్‌బుక్‌తో. అందరూ కూర్చున్నాక, ఆ రోజు పైన కాపలావాడి పాత్ర నేనే తీసుకొని, "కింద గుమ్మటం దగ్గర ఎవరో చప్పట్లు కొట్టారు. స్పష్టంగా వినబడింది. ఎవరది?" అన్నాను.

ఆమె నోట్‌బుక్ మూసి బల్ల మీద పెట్టి, రెండు చేతులూ ఎత్తి, ఈసారి నిజంగానే మూడుసార్లు కొట్టింది.

తమ్ముడూ, ఆ ఐదుగురికీ ఈ వారమే ఫోన్ చెయ్యి. ఏమన్నారో నాకు చెప్పు.