విరేచనాలవుతున్న పిల్లలకు ఏమి పెట్టాలి?

నమస్కారం. ఈ రోజు నా ముందు రెండు గిన్నెలు ఉన్నాయి. ఒకటి కిచిడీకి, ఇంకోదానిలో ఓఆర్ఎస్ పొడి కలపడానికి కాచి చల్లార్చిన నీళ్లు. ఏడాది నుంచి ఐదేళ్ల లోపు పిల్లలకు నీళ్ల విరేచనాలు పట్టుకుంటే చాలాసార్లు ఈ రెండింటితోనే ఇంట్లో గట్టెక్కవచ్చు. ఆరు నెలలు నిండని పసిబిడ్డ అయితే మాత్రం ఈ వీడియో పూర్తయ్యేదాకా కూర్చోకండి. తల్లిపాలు ఆపకుండా ఇస్తూ వెంటనే డాక్టరుకు చూపించండి.

ముందు ఇంట్లో జరిగే తగువు ఒకటి తేల్చుకుందాం. "లంకణం పరమౌషధం" అని పెద్దవాళ్లు అంటారు. అజీర్తి చేసిన పెద్దమనిషి ఒక పూట మానేస్తే నష్టమేమీ లేదు. రెండేళ్ల పిల్లకు ఆ మాట వర్తించదు. విరేచనాలు అవుతున్నా తిన్నదానిలో చాలా భాగాన్ని పేగులు పీల్చుకుంటూనే ఉంటాయి. దెబ్బతిన్న పేగు గోడ మళ్లీ కోలుకోవడానికి కూడా తిండే కావాలి. "పెడితే మళ్లీ వెళ్తుంది" అని కడుపు మాడిస్తే విరేచనాలు ఆగవు, పిల్ల మాత్రం చిక్కిపోతుంది. నాయనమ్మలు, అమ్మమ్మలు ఎవరైనా చూస్తుంటే నా మీద కోప్పడకండి. మీరు చెప్పే గంజి, మజ్జిగ, పెరుగన్నం అన్నీ మంచివే. నా పేచీ ఉపవాసంతోనే.

తిండి కంటే ముందు నీళ్ల సంగతి. ఓఆర్ఎస్ ప్యాకెట్ తీసుకోండి. లీటరు నీళ్లలో కలిపేవి ఉంటాయి, 200 మిల్లీలీటర్లలో కలిపే చిన్నవీ ఉంటాయి. ప్యాకెట్ మీద ఎంత రాసి ఉంటే అన్ని నీళ్లలో మొత్తం పొడి ఒకేసారి కలపాలి. ఇదిగో, నేను లీటరు సీసాతో కొలిచి పోస్తున్నాను. సగం పొడి ఇప్పుడు, సగం రాత్రికి అని పంచుకోకండి, ఉప్పు పాళ్లు తప్పుతాయి. రుచి కోసం పంచదార, పాలు, పళ్లరసం ఏదీ చేర్చకండి. కలిపిన నీళ్లు 24 గంటలు దాటితే పారబోయండి.

ఈ పొడిలో ఉన్నది ప్రధానంగా గ్లూకోజు, ఉప్పు. గ్లూకోజు పేగులోంచి ఒంట్లోకి వెళ్తూ సోడియాన్ని తోడు తీసుకుపోతుంది, వాటి వెంట నీళ్లూ వెళ్తాయి. 1971లో బంగ్లాదేశ్ యుద్ధ సమయంలో శరణార్థి శిబిరంలో కలరా చెలరేగి సెలైన్ నిల్వలు చాలనప్పుడు డాక్టర్ దిలీప్ మహాలనబిస్ ఇలాంటి నీళ్లనే డ్రముల్లో కలిపి తాగించి ఎన్నో ప్రాణాలు కాపాడారు. అంచేత దీన్ని చవక మందని తీసిపారేయకండి.

కొనేటప్పుడు ఒక జాగ్రత్త. ఓఆర్ఎస్ అన్న పేరు తగిలించి తీపి పానీయాలు అమ్మేవారు. దాని మీద హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ అలాంటి పానీయాలకు ఆ పేరు వాడకూడదని ఆదేశించింది. అయినా డబ్బా తిప్పి, ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం తయారైనదని రాసి ఉందో లేదో చూడండి. చక్కెర ఎక్కువైతే అది నీటిని పేగులోకి లాగి విరేచనాలను పెంచుతుంది. కూల్‌డ్రింకులు, డబ్బా జ్యూసులు వద్దనేది కూడా అందుకే.

ఎంత పట్టాలి? రెండేళ్ల లోపు పిల్లలకు విరేచనం అయిన ప్రతిసారీ 50 నుంచి 100 మిల్లీలీటర్లు, ఆపై వయసు వాళ్లకు 100 నుంచి 200. పాలసీసాతో కాకుండా గిన్నె, చెంచాతో ఇవ్వండి. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి, రెండు మూడు నిమిషాలకు ఒక చెంచా చొప్పున మళ్లీ మొదలుపెట్టండి. గటగటా తాగిస్తే అంతా బయటికి వస్తుంది.

ఇప్పుడు కిచిడీ. పావు కప్పు బియ్యం, రెండు చెంచాల పెసరపప్పు కడిగి కుక్కర్‌లో వేశాను. రెండు కప్పుల నీళ్లు, చిటికెడు పసుపు, చిటికెడు ఉప్పు. ఐదు విజిల్స్ రానిచ్చి, ఆవిరి పోయాక పప్పుగుత్తితో మెదపండి. ఇదిగో, గరిటెలోంచి నెమ్మదిగా జారుతోంది కదా, ఈ పాకం చాలు. మరీ నీళ్లగా చేస్తే పొట్ట నిండుతుంది గాని బలం రాదు. చివర్లో అర చెంచా నెయ్యి. అవును, నెయ్యే. కొద్దిపాటి నెయ్యి, నూనె పిల్లలకు పడతాయి, నాలుగు ముద్దల్లోనే కాస్త శక్తి అందుతుంది. మానుకోవలసింది వేపుళ్లు, కారం.

కిచిడీ ముట్టని పిల్లలకు పెరుగన్నం, మెత్తగా ఉడికించిన బంగాళాదుంప, ఇడ్లీ, మెదిపిన అరటిపండు. గుడ్డు అలవాటున్న వాళ్లకు ఉడికించిన గుడ్డు. అరటిపండు, అన్నం తప్ప ఇంకేమీ ముట్టకూడదన్న పాత పథ్యాన్ని ఇప్పుడు డాక్టర్లు చెప్పడం లేదు. మూడు పెద్ద పూటల బదులు మూడు నాలుగు గంటలకోసారి కొంచెం కొంచెం పెట్టండి. రెండు ముద్దలు తిని మొహం తిప్పుకుంటే బలవంతం వద్దు, గంట ఆగి మళ్లీ చూడండి. తల్లిపాలు తాగే బిడ్డకు ఇంకా ఎక్కువసార్లు ఇవ్వండి. మామూలు పాలు కూడా ఆపనక్కర్లేదు. పాలు తాగిన ప్రతిసారీ విరేచనాలు పెరుగుతుంటే డాక్టరును అడగండి.

పెద్దవాళ్లు వేసుకునే, విరేచనాలు కట్టే మాత్రను ముక్క చేసి పిల్లలకు వేయకండి. అది ప్రమాదం.

ఇక తిండితో సరిపెట్టుకుని ఇంట్లో ఆగకూడని పరిస్థితులు. మలంలో రక్తం, తాగినదంతా వాంతి కావడం, ఆరు గంటలుగా మూత్రం రాకపోవడం, కళ్లు లోతుకు పోవడం, ఏడ్చినా కన్నీళ్లు రాకపోవడం, మత్తుగా పడి ఉండటం, జ్వరం ఎక్కువగా ఉండటం. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆసుపత్రికి బయలుదేరండి. పిల్ల మేలుకుని తాగగలుగుతుంటే దారిలో చెంచాతో ఓఆర్ఎస్ పడుతూనే ఉండండి.

విరేచనాలు ఆగాక చాలామంది వదిలేసేవి రెండు. కోల్పోయిన బరువు తిరిగి రావడానికి రెండు వారాలపాటు రోజుకు ఒక పూట అదనంగా పెట్టాలి. రెండోది జింక్. ఆరు నెలలు దాటిన పిల్లలకు రోజుకు 20 మిల్లీగ్రాములు, మొత్తం 14 రోజులు. డాక్టరునో, మీ ఊరి ఆశా కార్యకర్తనో అడిగితే ఇస్తారు. మూడో రోజుకే విరేచనాలు కట్టినా మిగతా మాత్రలు డబ్బాలో ఉంచేయకండి, వేసేయండి.