సీసా వద్దు, ఉగ్గుగిన్నె చాలు: చంటోడికి పాలు పట్టి చూపించే రివ్యూ

నమస్తే అండి! అక్క ఆఫీసు పని మీద కాకినాడ వెళ్ళింది. వాళ్ళ చంటోడు నా ఒళ్ళో ఉన్నాడు. నాలుగో నెల, తల్లిపాలు తప్ప ఇంకేదీ ఎరగడు. అక్క పిండిపెట్టిన ఆ పాలే పట్టాలి, అందుకే ఇవాళ్టి రివ్యూ ముక్కున్న ఈ చిన్న స్టీలు ఉగ్గుగిన్నె. అమలాపురంలో స్టీలు సామాన్ల కొట్లో కొన్నాం.

పాలసీసాల రివ్యూ చెయ్యమని కొందరు అడుగుతున్నారు. చెయ్యనండి. సీసాలకి, డబ్బాపాలకి ప్రచారం చెయ్యకూడదని 1992లోనే చట్టం వచ్చింది. పైగా సీసా కడగడం నా వల్ల కాదు. పీక, మూత, మరలు, ఆ సందుల్లో పాలజిడ్డు! ఈ గిన్నెకి మూలలే లేవు. తోమి, నీళ్ళలో మరిగిస్తే అయిపోయింది. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకి ఆసుపత్రుల్లో కూడా ఇలాంటి ముక్కు గిన్నెతో పాలు పడుతుంటారు.

ఇప్పుడు పట్టడం చూడండి, కెమెరా దగ్గరికి తెస్తున్నా. పిడికిలి నోట్లో కుక్కుకుంటున్నాడు, తల అటూ ఇటూ తిప్పి వెతుకుతున్నాడు. అంటే ఆకలేస్తోంది. గుక్కపట్టి ఏడ్చేదాకా ఆగామా, ఇక గిన్నెని దగ్గరికి రానివ్వడు. తల నా మోచేతి మీద, ఒళ్ళు ఏటవాలుగా. గిన్నెలో సగమే పాలు. గిన్నె ముక్కుని వాడి కింది పెదవికి ఆనించి, పాలు పెదవికి తగిలేంత వంచి ఆగాలి. అదిగో, నాలుక చాపాడు! మింగాడు. మళ్ళీ వంచాలి. పొయ్యకూడదు, వాడే అందుకోవాలి. మా మామ్మయితే కాళ్ళ మీద వెల్లకిలా పడుకోబెట్టి నోట్లో పోసేసేది. అది మాత్రం వద్దండి, పొలమారి పాలు ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది.

అక్క పిండిపెట్టిన పాలు ఫ్రిజ్‌లో 4 రోజుల దాకా ఉంటాయి. బయటయితే 25 డిగ్రీల లోపు 4 గంటలు. మే నెలలో మన కోనసీమలో 25 డిగ్రీలు ఎక్కడివి లెండి! కరెంటు పోతే ఐస్ ప్యాకులున్న డబ్బాలోకి మార్చేస్తా. పట్టే ముందు వేడినీళ్ళ గిన్నెలో పెట్టి గోరువెచ్చగా చేసి, మణికట్టు మీద చుక్క వేసి చూస్తా. పొయ్యి మీద కాచను.

లోపాలా? ఉన్నాయి. సీసా కన్నా నిదానం. మెడ కింద తువ్వాలు తడిసి ముద్దవుతుంది. అర్ధరాత్రి నిద్రకళ్ళతో పట్టాలంటే ఓపిక కావాలి.

తాగాక భుజాన వేసుకుని వీపు నిమిరితే త్రేన్పు వస్తుంది. అయినా పేచీ పెడితే, అక్క కట్టి విడిచిన నూలు చీర భుజాన వేసుకుంటా. వాళ్ళమ్మ వాసన తగిలితే సగం ఏడుపు తగ్గుతుంది. అలా అరుగు మీదే తిప్పుతా. పెరట్లోకి వెళ్ళను, కొబ్బరికాయ ఎప్పుడు రాలుతుందో తెలీదు కదా! తేనె నాకించమని పక్కింటి పిన్నిగారి సలహా. ఏడాది నిండేదాకా తేనె పెట్టకూడదు. 6 నెలల దాకా మంచినీళ్ళు కూడా అక్కర్లేదు.

కొనేటప్పుడు అంచు చుట్టూ వేలు తిప్పి చూడండి. ముక్కు దగ్గర గరుకు తగిలిందా, ఎంత చవగ్గా ఇచ్చినా వదిలెయ్యండి.