కుకీ తిన్న కంప్యూటర్: ఎంత చదివిందో కాదు, ఎవరు దిద్దారో చెప్పండి!

‘ఏఐకి గురువు అక్కర్లేదు, నెట్ అంతా తనే చదువుకుని రోజురోజుకీ తెలివి పెంచుకుంటుంది.’ ఈమధ్య ఎవర్ని కదిపినా ఇదే పాట. నేను ఒప్పుకోనండీ. ఈ ప్రయోగం ఎప్పుడో జరిగింది, ఎక్కడ బోల్తా పడిందో కూడా చూశాం.

దాని పేరు నెల్, ఒక కంప్యూటర్ ప్రోగ్రామ్. అమెరికాలో పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో ప్రొఫెసర్ టామ్ మిచెల్ బృందం 2010 జనవరిలో మొదలుపెట్టింది. రాత్రీ పగలూ వెబ్ పేజీలు చదవడమే దాని పని. నగరాలు, కంపెనీలు, ఆటలు... ఒక్కోదానికి పది పదిహేను ఉదాహరణలిచ్చి వదిలేశారు. ‘ఫలానా నగర మేయర్’ అని కనిపిస్తే చాలు, ఆ ఫలానా అన్నచోట ఉన్నది ఊరి పేరేనని పట్టేస్తుంది. ఎంత ముచ్చటైన తెలివి! 67 రోజుల్లో 2,42,000కు పైగా సంగతులు పోగేసింది. అందులో 74 శాతం కరెక్టని వాళ్ళే అంచనా కట్టారు.

మరి మిగతా 26 శాతం? అసలు కథంతా అక్కడే ఉంది! బేకరీ సరుకుల జాబితా చక్కగా సాగుతోంది. ఇంతలో ‘ఇంటర్నెట్ కుకీలు’ తగిలాయి. అంటే వెబ్‌సైట్లు మన కంప్యూటర్‌లో దాచుకునే చిన్న చిన్న ఫైళ్ళు. తినే కుకీలే కదా అని బేకరీలో వేసేసుకుంది. ‘ఇంటర్నెట్ కుకీలు డిలీట్ చేశాను’ అని ఒకచోట చదివింది. ఇంకోచోట ‘ఫైళ్ళు డిలీట్ చేశాను’ అని కనిపించింది. అంతే, కంప్యూటర్ ఫైళ్ళు కూడా బేకరీ సరుకే అనుకుంది! చూశారా, చేసిన తప్పే దానికి మేష్టారైపోయింది. చివరికి మనుషులే కూర్చుని దిద్దాల్సి వచ్చింది.

2016 మార్చిలో మైక్రోసాఫ్ట్ వదిలిన ‘టే’ అనే చాట్‌బాట్ (మనతో కబుర్లు చెప్పే ప్రోగ్రామ్) గుర్తుందిగా? ట్విట్టర్‌లో జనం నేర్పిందల్లా నేర్చుకుని, ఒక్కరోజు తిరక్కుండానే ద్వేషం కక్కింది. వెంటనే ఆపేశారు.

అందుకే అడుగుతున్నా. ఎంత చదివిందో నాకు చెప్పకండి, ఎవరు దిద్దారో చెప్పండి!

ఇక మన తెలుగు సంగతి. ‘ఉద్యమంలో పాలు పంచుకున్నారు’ అన్న వాక్యాన్ని చదివి, అవి గేదె పాలు అనుకుందనుకోండి. అక్కడితో ఆగదు, రేపు ఉద్యమమంటే పాలకేంద్రం అంటుంది! మన ఇంట్లో పిల్లాడు ఇలా పొరపాటు పడితే, పక్కనే బియ్యం ఏరుతున్న అమ్మమ్మ తలెత్తకుండానే ‘అది కాదురా’ అంటుంది. మెషీన్‌కి ఆ అమ్మమ్మ ఏదీ? తెలుగు బాగా వచ్చినవాళ్ళకు మంచి జీతమిచ్చి, రోజూ దిద్దడానికి కూర్చోబెట్టండి. సర్వర్లకు పెట్టే ఖర్చులో కాస్త ఇటు పెట్టండి.

‘పాలు’లాంటి మాటలు మీకేం తోచినా కింద రాయండి. వచ్చే వీడియోలో అన్నిటినీ చాట్‌బాట్ ముందు పెట్టి, ఒక్కోటీ అడుగుదాం.