టూల్ వివరణ కూడా ప్రోగ్రాంలో భాగమే

నమస్కారం. ఈరోజు మాట్లాడుకోబోయేది ఏఐ ఏజెంట్లకు మనం అప్పగించే టూల్స్ గురించి, మరీ ముఖ్యంగా వాటికి మనం రాసే వివరణల గురించి. ఏజెంట్ అంటే భాషా మోడల్ సాయంతో మన తరఫున పనులు చేసే ప్రోగ్రాం. టూల్ అంటే ఆ పనుల కోసం అది పిలిచే ఫంక్షన్.

ఒక దుకాణం తన కస్టమర్లతో మాట్లాడటానికి ఏజెంట్‌ను పెట్టుకుందనుకోండి. "నా అయిదు వందలు వెనక్కి ఇవ్వండి" అని ఒకరు అడిగారు. ఏజెంట్ దగ్గర రీఫండ్ టూల్ ఉంది. దాని వివరణ రెండే మాటలు: "రీఫండ్ చేస్తుంది." దానికి ఇవ్వాల్సిన విలువ (పారామీటర్) పేరు అమౌంట్, అది పూర్ణాంకం కావాలి. ఏజెంట్ 500 అని పంపింది. కస్టమర్ ఖాతాలో పడినవి అయిదు రూపాయలు. ఎందుకంటే రేజర్‌పే, స్ట్రైప్ వంటి పేమెంట్ కంపెనీల ఏపీఐలు, అంటే మన ప్రోగ్రాం వాటితో మాట్లాడే మార్గాలు, మొత్తాన్ని పైసల్లో తీసుకుంటాయి. అయిదు వందల రూపాయలకు 50000 అని పంపాలి. జపాన్ యెన్‌కు చిల్లర లేదు కనుక స్ట్రైప్‌లో 500 యెన్లకు 500 అనే పంపాలి. ఇదంతా ఆ కంపెనీల డాక్యుమెంటేషన్‌లో స్పష్టంగానే ఉంది. కానీ ఏజెంట్ ముందు ఆ పేజీ లేదు. మనం రాసిన ఆ రెండు మాటలే ఉన్నాయి.

డెవలపర్ అయితే అనుమానం వస్తే పక్కనున్నవారిని అడుగుతారు, ఒక రూపాయితో పరీక్షించి చూస్తారు. మోడల్‌కు అందేది టూల్ పేరు, వివరణ, పారామీటర్ల పట్టిక మాత్రమే. 2023 జూన్‌లో ఓపెన్‌ఏఐ తెచ్చిన ఫంక్షన్ కాలింగ్ (మోడల్ టూల్‌ను పిలిచే పద్ధతి) అయినా, 2024 నవంబరులో ఆంత్రోపిక్ విడుదల చేసిన మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్ (మోడళ్లను టూల్స్‌తో కలిపే ప్రమాణం) అయినా, చివరికి ఆ వివరణ మోడల్‌కు ఇచ్చే ఆదేశాల్లో కలిసిపోతుంది. అందులో ఒక మాట మార్చితే ఏజెంట్ ప్రవర్తన మారవచ్చు. అందుకే దాన్ని కోడ్‌ను పరీక్షించినంత శ్రద్ధగా పరీక్షించాలని నేను గట్టిగా నమ్ముతున్నాను.

వివరణలో ఏమి ఉండాలి? మొత్తం ఏ ప్రమాణంలో ఇవ్వాలో ఉండాలి. తేదీ ఏ వరుసలో రాయాలో ఉండాలి. 03/04 అంటే మనకు ఏప్రిల్ 3, అమెరికాలో మార్చి 4. ఆర్డర్ నంబరు ఏ టూల్ నుంచి తెచ్చుకోవాలో చెప్పాలి. ఈ టూల్‌ను ఎప్పుడు వాడకూడదో తప్పక రాయాలి. చాలామంది వదిలేసేది ఆ చివరి వాక్యాన్నే.

అయితే వివరణతో సరిపెట్టడం కంటే మంచి మార్గం ఒకటుంది: తప్పు చేసే వీలే లేకుండా టూల్‌నే మార్చడం. 2024 డిసెంబరులో ఆంత్రోపిక్ ఇంజనీర్లు రాసిన ఒక అనుభవం నాకు బాగా నచ్చింది. వాళ్ల కోడింగ్ ఏజెంట్ మూల ఫోల్డర్ నుంచి బయటికి వెళ్లాక ఫైళ్ల దారిని తప్పుగా ఇచ్చేది. పూర్తి దారి ఇస్తేనే పనిచేసేలా టూల్‌ను మార్చారు. ఆ తప్పు పోయింది. మన రీఫండ్‌కూ అదే చేయవచ్చు. పారామీటర్ పేరులోనే రూపాయలు అని పెట్టి, వందతో గుణించే పనిని టూల్ లోపలి కోడ్‌కు వదిలేయాలి. మోడల్‌కు లెక్క అప్పగించాల్సిన అవసరమే లేదు.

ఇక ఎర్రర్ మెసేజ్. నా దృష్టిలో అన్నిటికంటే నిర్లక్ష్యానికి గురైనది ఇదే. "400, బ్యాడ్ రిక్వెస్ట్" (అభ్యర్థనలో తప్పుంది అని చెప్పే కోడ్) అని మాత్రమే వస్తే ఏజెంట్ అదే అభ్యర్థనను మళ్లీ పంపుతుంది, లేదా ఊహించి ఏదో మార్చుతుంది. "ఈ చెల్లింపులో మిగిలినది 300 రూపాయలు, మీరు అడిగినది 500" అని వస్తే తర్వాత ఏమి చేయాలో దానికి తెలుస్తుంది. జవాబు రాకుండా కనెక్షన్ తెగిపోతే ఇంకా ప్రమాదం. మొదటి రీఫండ్ వెళ్లిందో లేదో తెలియక రెండోసారి పంపితే డబ్బు రెండుసార్లు పోవచ్చు. దీనికోసమే స్ట్రైప్‌లో ఐడెంపొటెన్సీ కీ ఉంది: అదే కీతో మళ్లీ వచ్చిన అభ్యర్థనను అది కొత్త పనిగా తీసుకోదు. ఆ కీని మోడల్ కాకుండా మన కోడ్ తయారుచేయాలి. మోడల్ ప్రతిసారీ కొత్త కీ ఇస్తే రక్షణ ఉండదు.

ఇప్పుడు పరీక్షల సంగతి. ఒకసారి నడిపి, బాగా వచ్చిందని సంతృప్తి పడటం ఏజెంట్ల విషయంలో అసలు పనికిరాదు. 2024లో సియెర్రా సంస్థ పరిశోధకులు టౌ-బెంచ్ అనే పరీక్షను విడుదల చేశారు. విమాన టికెట్లు, దుకాణం అమ్మకాలు అందులోని రంగాలు. కస్టమర్ పాత్రను మరో మోడల్ పోషిస్తుంది. చివర్లో ఏజెంట్ తీయగా మాట్లాడిందా అని చూడరు, డేటాబేస్ ఉండవలసిన స్థితిలో ఉందా అని చూస్తారు. అప్పటి జీపీటీ-4ఓ సగం పనులు కూడా పూర్తి చేయలేకపోయింది. దుకాణం విభాగంలో ఒకే పనిని ఎనిమిది సార్లు ఇస్తే ఎనిమిదిసార్లూ సరిగా చేసినవి 25 శాతం లోపే. డబ్బు చేతులు మారే చోట నేను చూసేది ఈ రెండో అంకెనే.

అలాగే టూల్ వాడకూడని సందర్భాలను కూడా పరీక్షలో చేర్చాలి. బర్క్‌లీ విశ్వవిద్యాలయం వారి ఫంక్షన్ కాలింగ్ లీడర్‌బోర్డ్‌లో ఇందుకు ప్రత్యేకంగా ప్రశ్నలున్నాయి: ఇచ్చిన ఫంక్షన్లలో ఏదీ పనికిరానప్పుడు మోడల్ ఊరుకుంటుందా అని చూస్తారు.

మన దగ్గర వాడే ఏజెంట్ అయితే పరీక్ష వాక్యాలు మన మనుషులు మాట్లాడేలా ఉండాలి. "మొన్న పెట్టిన ఆర్డర్", "పదిహేను వందలు", "లక్షన్నర". ఇంగ్లిష్‌లో శుభ్రంగా రాసిన వాక్యాలతో మాత్రమే పరీక్షిస్తే, ఇలాంటి మాటలను ఏజెంట్ తప్పుగా అర్థం చేసుకోవడం బయటపడదు. ఇంటిపేరు సంగతీ అంతే. మనం దాన్ని ముందు రాస్తాం. టూల్‌లో మొదటి పేరు, చివరి పేరు అని రెండు గడులుంటాయి. ఏజెంట్ ఇంటిపేరును మొదటి గడిలో పెడితే విమాన టికెట్ మీద పేరు పాస్‌పోర్టుతో కలవదు. ఆ గడుల వివరణలో "పాస్‌పోర్టులో ఉన్నట్టే రాయాలి, తెలియకపోతే ప్రయాణికుడినే అడగాలి" అని చేర్చి, అవే వాక్యాలతో మళ్లీ పలుమార్లు నడిపి, తప్పిన సంభాషణలను మొదటి నుంచి చివరి దాకా చదవండి. ఎక్కడ అడగవలసింది అడగలేదో మార్కుల పట్టిక చెప్పదు, ఆ సంభాషణలోనే కనిపిస్తుంది.