ఆ పూలకుండీలో మైకు ఉంది: తొలి హాలీవుడ్ పాటల సినిమాలు ఎలా చూడాలి

[తెర మీద: 1929 నాటి ఒక పాట. గాయకుడు కదలకుండా నిలబడి పాడుతుంటాడు.]

పది సెకన్లు చూశారు కదా. మొన్న మా తమ్ముడికి ఇలాంటిదే ఒకటి పెడితే రెండు నిమిషాలకే ఆపేశాడు. "ఏంట్రా స్తంభంలా నిలబడిపోయాడు? అప్పట్లో వీళ్లకి సినిమా తీయడం రాదు" అన్నాడు. ఈ మాట ఎవరన్నా నాకు మనసు చివుక్కుమంటుంది. ఎందుకంటే 1927లో అదే హాలీవుడ్‌లో 'సన్‌రైజ్' అనే మూకీ వచ్చింది. అందులో వెన్నెల రాత్రి హీరో చిత్తడి నేలలో నడుస్తుంటే, కెమెరా చెట్ల మధ్యనుంచి అతని వెంట తేలుతూ వెళ్తుంది. తీయడం వాళ్లకి బాగానే వచ్చు. మరి రెండేళ్లలో ఏమైంది?

మైకు వచ్చింది.

మన ఊళ్లలో పద్య నాటకం గుర్తు తెచ్చుకోండి. స్టేజీ మధ్యలో పైనుంచి మైకు వేలాడుతుంటుంది. కృష్ణుడు ఏ మూల ఉన్నా సరే, పద్యం ఎత్తుకోవాలంటే నేరుగా వచ్చి ఆ మైకు కింద నిలబడాలి. రెండడుగులు పక్కకి జరిగాడంటే వెనక వరసకి రాగం అందదు. అర్జునుడు బదులు చెప్పాలంటే కృష్ణుడు కాస్త తప్పుకోవాలి. అది చూసి కృష్ణుడికి నటన రాదని మనం ఎప్పుడైనా అన్నామా? లేదు. మైకు సంగతి మనకి తెలుసు, ఎందుకంటే అది కళ్లముందే వేలాడుతోంది.

1929 హాలీవుడ్ సెట్ కూడా ఆ స్టేజీ లాంటిదే. తేడా ఒక్కటే, మైకు మనకి కనపడదు. దాన్ని పూలకుండీలోనో, ఏ సామాను చాటునో దాచేవారు. నటుడు ఆ కుండీ దగ్గరే తచ్చాడుతుంటే మనకి వింతగా ఉంటుంది.

ఇంకో చిక్కుంది. కెమెరా మోటారు చప్పుడు చేస్తుంది, ఆ చప్పుడు కూడా మైకులో పడుతుంది. అందుకని కెమెరాని, కెమెరామన్‌ని కలిపి అద్దం బిగించిన ఒక గదిలో పెట్టి తలుపు మూసేవారు. గాలి ఆడదు. పైన లైట్ల వేడి. నాటకం చూడ్డానికి వచ్చినవాణ్ణి గాజు గదిలో పెట్టి తాళం వేస్తే ఎలా ఉంటుందో అలా! చిత్తడి నేలలో తేలిన కెమెరా ఇక ఎక్కడ కదులుతుంది?

నాటకంలో స్టేజీ పక్కన హార్మోనియం మేస్టారు ఉంటారు కదా, ఇక్కడా సెట్ పక్కనే ఆర్కెస్ట్రా కూర్చుని లైవ్‌లో వాయించేది. వార్నర్ స్టూడియో వాళ్లయితే ఆ శబ్దాన్ని పెద్ద గ్రామఫోన్ డిస్క్ మీద ఎక్కించేవారు. డిస్క్‌ని ఫిల్ములా కత్తిరించి అతికించలేం. ఎక్కడ తప్పు పోయినా పాట మళ్లీ మొదటినుంచి పాడాల్సిందే.

[తెర మీద: పియానో ముందు ఆల్ జోల్సన్.]

ఇది నాకు చాలా ఇష్టమైన చోటు. 'ద జాజ్ సింగర్', 1927 అక్టోబర్ 6న విడుదలైంది. నిజానికి ఇందులో ఎక్కువ భాగం మూకీయే. కొడుకు, అంటే జోల్సన్, అమ్మకి పాట పాడి వినిపిస్తున్నాడు. మధ్యలో ఆపి ఆమెతో గలగలా కబుర్లు చెబుతున్నాడు, మళ్లీ పాడుతున్నాడు. అంతలో గుమ్మంలోకి నాన్న వచ్చి "ఆపు!" అంటాడు. అంతే, మాటలు ఆగిపోతాయి. సినిమా మళ్లీ మూకీ అయిపోయి, వెనక వాద్యసంగీతం ఒక్కటే మిగులుతుంది. మాట పోవడం అంటే ఏమిటో చెవికి తెలిసిపోతుంది. ఇన్నిసార్లు చూశాను, ఇప్పటికీ అక్కడ నా ఒళ్లు జలదరిస్తుంది.

ఇదే సినిమాలో జోల్సన్ ముఖానికి నల్లరంగు పూసుకుని పాడతాడు. నల్లజాతివాళ్లని అనుకరిస్తూ తెల్ల నటులు వేసే వేషం అది. అమెరికా స్టేజీ మీద అప్పటికే దశాబ్దాలుగా నడుస్తున్న అలవాటు. కాలం అలాంటిది అని సర్దుకుపొమ్మని నేను ఎవరికీ చెప్పను. అది అవమానమే. చూసేవాళ్లకి ముందే తెలియాలని చెబుతున్నాను.

సరే, కృష్ణుడు మైకు కిందనుంచి ఎలా బయటపడ్డాడు? 1929లో ఎంజీఎం స్టూడియో 'ద బ్రాడ్‌వే మెలొడీ' తీసింది. ఉత్తమ చిత్రంగా ఆస్కార్ గెలిచిన మొదటి టాకీ అది. అందులో ఒక పెద్ద డాన్సు పాట నిర్మాత థాల్‌బర్గ్‌కి నచ్చక మళ్లీ తీయమన్నారు. అప్పుడు సౌండ్ చూసే డగ్లస్ షియరర్ ఒక మాట అన్నారు: పాట రికార్డింగ్ బాగానే ఉంది కదా, దాన్నే లౌడ్‌స్పీకర్‌లో వేసి డాన్సర్లని ఆడమందాం. అలాగే చేశారు. మైకు తీసేశారు! ఇక కృష్ణుడు స్టేజీ అంతా పరుగెత్తొచ్చు, ప్రేక్షకుణ్ణి గాజు గదిలోంచి బయటికి తీసుకురావచ్చు.

ఈ పద్ధతే ప్లేబ్యాక్. ఆ మాట వింటే మనకి వెంటనే వేరేవాళ్ల గొంతు గుర్తొస్తుంది. ఇక్కడ అసలు సంగతి గొంతు ఎవరిదన్నది కాదు. పాట ముందు, షూటింగ్ తర్వాత. 1932లో వచ్చిన మన తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద'లో కూడా నటులే షూటింగ్‌లో మైకు ముందు పాడారు. ఆ తర్వాత కొన్నేళ్లకి గానీ మనకి ప్లేబ్యాక్ రాలేదు.

టైమ్ అయిపోతోంది, మిగతాది గబగబా చెప్పేస్తాను. పాటల సినిమాలు మరీ ఎక్కువైపోయి 1930 చివరికల్లా జనానికి మొహం మొత్తింది. తీసిన సినిమాల్లోంచి కూడా పాటలు కత్తిరించేశారు. మళ్లీ ఊపిరి పోసింది 1933లో '42న్డ్ స్ట్రీట్'. డాన్సులు బస్బీ బర్క్‌లీవి. ఆయన ప్రేక్షకుణ్ణి ఏకంగా పందిరి మీదికి ఎక్కించి కిందికి చూడమన్నారు. పైనుంచి చూస్తే అమ్మాయిలంతా కలిసి విచ్చుకునే పువ్వు! అదే ఏడాది 'గోల్డ్ డిగ్గర్స్ ఆఫ్ 1933' ఆఖరి పాటలో యుద్ధం చేసొచ్చిన సైనికులు రొట్టెకోసం లైన్లో నిలబడతారు. అవి మహా మాంద్యం రోజులు. పాటల సినిమా అంటే కాలక్షేపం అనేవాళ్లు ఆ ఒక్క పాట చూడాలి.

మొదలుపెట్టడం మాత్రం రూబెన్ మమూలియన్ తీసిన 'లవ్ మీ టునైట్'తో పెట్టండి, 1932. పారిస్‌లో ఒక దర్జీ పాట ఎత్తుకుంటాడు. అతని దగ్గరికి వచ్చినవాడు ఆ ట్యూన్‌ని వీధిలోకి మోసుకెళ్తాడు. అక్కడ టాక్సీ, తర్వాత రైల్లో సైనికులు, రాత్రి మంట చుట్టూ సంచారజాతివాళ్ల వయొలిన్. చివరికి ఎక్కడో కోటలో ఉన్న రాకుమారికి చేరుతుంది. దర్జీని ఆమె ఇంకా చూడనే లేదు, పాట మాత్రం అందింది. మైకు కింద కట్టేసిన పాట మూడేళ్లలో ఊళ్లు దాటింది!

దీన్ని హెడ్‌ఫోన్స్ పెట్టుకుని చూడండి. మొదట్లో తెల్లారుతుంటుంది. వీధిలో గునపం దెబ్బ, ఎవరిదో గురక, చీపురు, చెప్పులు కుట్టేవాడి సుత్తి. ఒక్కొక్కటే వచ్చి చేరి తాళం అవుతుంది. ఇంకా ఎవరూ పాడరు.