కృపతో మొదలుపెట్టి లెక్కలతో నడుస్తున్నామా?

ప్రభువునందు ప్రియమైన సహోదరీ సహోదరులకు వందనాలు.

విశ్వాసుల ఇళ్లలో తరచుగా వినిపించే ఒక మాటతో మొదలుపెడతాను. పొద్దున లేటుగా లేచాం, ప్రార్థన కుదరలేదు, బైబిలు తెరవలేదు. ఆఫీసులో పై అధికారి నలుగురి ముందు కేకలేశాడు. సాయంత్రం ఇంటికొస్తే పిల్లవాడికి జ్వరం. అప్పుడంటాం: "పొద్దున ప్రార్థన చేసుకోలేదు కదా, అందుకే ఇలా అయింది." వినడానికి చాలా భక్తిగా ఉంటుంది. కానీ ఆ మాటలో కనిపించే దేవుడు ఎలాంటివాడు? హాజరు పట్టీ ముందేసుకుని కూర్చుని, సంతకం పెట్టనివాడి సంగతి ఆ రోజే తేల్చేవాడు. మన కోసం తన సొంత కుమారుణ్ణి అప్పగించిన తండ్రి అలాంటివాడా?

ప్రార్థన మానేస్తే ఏమీ కాదని నేను అనడం లేదు. మానినవాడికి నెమ్మది పోతుంది, అది నిజం. మన నెమ్మది పోవడం వేరు, తండ్రి మొహం తిప్పుకోవడం వేరు.

రక్షణ ఎలా కలిగింది అని అడిగితే మనలో ఎవరూ తడబడరు. "మీరు విశ్వాసముద్వారా కృపచేతనే రక్షింపబడియున్నారు" అని ఎఫెసీ 2:8 గడగడా చెప్పేస్తాం. చిక్కంతా బాప్తిస్మం తీసుకున్న మర్నాటి నుంచి. లోపలికి రావడానికి కృప, లోపల ఉండడానికి మన క్రియలు అన్నట్టు బతుకుతాం. గలతీ సంఘాల్లో జరిగింది ఇదే. అందుకే పౌలు అంత ఘాటుగా అడిగాడు: "మొదట ఆత్మానుసారముగా ఆరంభించి, యిప్పుడు శరీరానుసారముగా పరిపూర్ణులగుదురా?" గమనించండి, ఆ ప్రశ్న వేసింది అవిశ్వాసులకు కాదు.

ఇక మంచి రోజుల సంగతి. ఉపవాసం ఉన్నాం, దశమభాగం ఇచ్చాం, ఎవరి మీదా నోరు పారేసుకోలేదు. ఆ రాత్రి ప్రార్థనలో గొంతు పెరుగుతుంది, అడగడంలో ఒక హక్కు వచ్చి చేరుతుంది. నన్నడిగితే చెడ్డ రోజు కంటే ఈ మంచి రోజే ప్రమాదం. లూకా 18లో యేసు చెప్పిన ఉపమానంలో, ధర్మశాస్త్రాన్ని కచ్చితంగా పాటించే పరిసయ్యుడు అబద్ధమేమీ చెప్పలేదు. ధర్మశాస్త్రం అందరికీ విధించిన ఉపవాసం సంవత్సరానికి ఒక్క రోజు, ప్రాయశ్చిత్త దినం. ఈయన వారానికి రెండుసార్లు చేశాడు. పైగా దేవునికి కృతజ్ఞతలు చెబుతూనే మొదలుపెట్టాడు! అయినా నీతిమంతుడిగా తీర్చబడి ఇంటికి వెళ్లింది "దేవా, పాపినైన నన్ను కరుణించుము" అన్న సుంకరి, అంటే పన్నులు వసూలు చేసేవాడు. ఒక్క మాట ఆలోచించండి. మంచి రోజైనా చెడ్డ రోజైనా మన ప్రార్థన ముగిసేది యేసు నామంలోనే కదా. మంచి రోజున మన పేరు మీద అడుగుతున్నామా ఏమిటి?

తప్పిపోయిన కుమారుని గురించి ఎన్నో ప్రసంగాలు విన్నాం. నాకు మాత్రం భయం పుట్టించేది పెద్దకొడుకే, ఎందుకంటే సంఘంలో చాలామందిమి వాడి పోలికే. తిరిగొచ్చిన తమ్ముడి కోసం తండ్రి విందు చేస్తుంటే, వాడు పొలం నుంచి వస్తూ వాద్యాల చప్పుడు విన్నాడు. లోపలికి వెళ్లి చూడకుండా పనివాణ్ణి పిలిచి ఆరా తీశాడు. సొంత ఇంట్లో ఏం జరుగుతోందో పనివాణ్ణి అడిగి తెలుసుకున్నాడు! తర్వాత తండ్రితో వాడన్న మాటలు చూడండి. ఇన్నేళ్ల నుంచి నిన్ను సేవిస్తున్నాను, నీ ఆజ్ఞ ఎన్నడూ మీరలేదు, నాకొక మేకపిల్లనైనా ఇవ్వలేదు. ఏళ్లు లెక్కపెట్టుకున్నాడు, రావలసిన మేకపిల్లను లెక్కపెట్టుకున్నాడు. కొడుకై ఉండి జీతగాడిలా బతికాడు. చిన్నవాడు దూరదేశంలో నన్ను కూలివాడిగా పెట్టుకో అని చెప్పాలనుకున్నాడు. పెద్దవాడు ఇంట్లోనే ఉండి ఎప్పుడో కూలివాడైపోయాడు. తండ్రి ఇద్దరి కోసమూ బయటికి వచ్చాడు. "కుమారుడా, నీవెల్లప్పుడును నాతోకూడ ఉన్నావు, నావన్నియు నీవి" అన్నాడు. మేకపిల్ల ఏం ఖర్మ, మంద మొత్తం వాడిదే.

చరిత్రలో ఇంగ్లండు ప్రసంగికుడు జాన్ వెస్లీ జీవితం చూడండి. ఆక్స్‌ఫర్డ్‌లో చదువుకుని 1728లో గురువుగా అభిషేకం పొందాడు. స్నేహితులతో కలిసి బుధ, శుక్రవారాలు ఉపవాసం ఉండేవాడు, జైల్లో ఖైదీలను దర్శించేవాడు, గంట గంటకూ ఏం చేశాడో డైరీలో రాసుకునేవాడు. మనలో అంత పట్టుగా ఉండేవారు ఎందరు? 1735లో మిషనరీగా అమెరికాకు ఓడ ఎక్కాడు. 1736 జనవరిలో సముద్రం మధ్య తుఫాను వచ్చి నీళ్లు ఓడ మీదికి విరుచుకుపడ్డాయి. ఇంగ్లీషువాళ్లు కేకలు పెడుతుంటే అదే ఓడలో ఉన్న మొరేవియన్ అనే జర్మన్ సంఘపు విశ్వాసులు కీర్తన ఆపకుండా పాడుతూనే ఉన్నారు. మీకు భయం వేయలేదా అని తర్వాత అడిగితే లేదన్నారు, మా ఆడవాళ్లకూ పిల్లలకూ కూడా చావంటే భయం లేదన్నారు. తన డైరీ ఇవ్వలేని ధైర్యం వాళ్లకు ఎక్కడి నుంచి వచ్చిందో వెస్లీకి అర్థం కాలేదు. 1738 మే 24 సాయంత్రం లండన్‌లో ఒక చిన్న కూటంలో రోమా పత్రికకు సంస్కర్త మార్టిన్ లూథర్ రాసిన ముందుమాట చదువుతుంటే, క్రీస్తును, క్రీస్తును మాత్రమే నమ్ముకున్నానని ఆయనకు నిశ్చయత కలిగింది. ఆ తర్వాతా సందేహాలు రాకపోలేదు. కానీ 1791లో చనిపోయేదాకా, ఊరూరా తిరిగి ప్రకటించిన మనిషి ఆయనే.

కాబట్టి కృప అంటే చేతులు ముడుచుకుని కూర్చోవడమా అని అడిగేవాళ్లకు జవాబు అక్కడే ఉంది. "వారందరికంటె నేనెక్కువగా ప్రయాసపడితిని" అన్న పౌలు, ఆ వెంటనే ప్రయాసపడింది నేను కాదు, దేవుని కృపే అన్నాడు. ఎఫెసీ 2:8 దగ్గర ఆగిపోయేవాళ్లు పదో వచనం కూడా చదవాలి. సత్‌క్రియలు చేయడానికే మనం సృష్టింపబడ్డాం, రక్షణ కొనుక్కోవడానికి కాదు. జీతం కోసం చేసేవాడు గడియారం చూస్తాడు, పక్కవాడి కూలి కూడా చూస్తాడు. యేసు చెప్పిన ద్రాక్షతోట ఉపమానంలో పొద్దున్నే పనికి వచ్చినవాళ్లు సణిగింది తమ రోజు కూలి అయిన దేనారం తగ్గినందుకు కాదు, సాయంత్రం వచ్చినవాడికి కూడా అంతే ఇచ్చినందుకు.

ఇప్పుడు మళ్లీ ఇంటికి వద్దాం. భార్య మీద అరిచారు. పది నిమిషాల్లో ఫోన్. సంఘంలో ఒక సహోదరుడు, "బిడ్డ ఆసుపత్రిలో ఉంది, ప్రార్థించండి అన్నా" అంటాడు. మనసులో టెన్షన్. ఇప్పుడే అరిచాను, ఈ నోటితో ప్రార్థన ఎలా, రేపు చేద్దాంలే అనిపిస్తుంది. రేపటికి ఏం మారుతుంది? మీరు అరిచిన సంగతి కాస్త పాతబడుతుంది, అంతే. పాతబడినంత మాత్రాన పాపం కడగబడదు. హెబ్రీ 4:16 కృపాసనం దగ్గరికి ధైర్యంతో రమ్మంటోంది, అదీ సమయోచితమైన సహాయం కోసం. ఆ సమయం ఇదే. ముందు లోపలికి వెళ్లి ఆమెను క్షమించమని అడగండి. వెంటనే ఆ సహోదరుడికి ఫోన్ చేసి, ఆ బిడ్డ పేరు పెట్టి ప్రార్థించండి.